ఏటిగట్టు వార్డు ఆఖరి కాగితం

ఒడిశాలోని రాయగడలో ఏటిగట్టు వార్డు అని ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు. ఎగువ వీధిని స్టేషన్ వైపు వార్డులో కలిపేశారు, దిగువ వీధిని బజారు వైపు వార్డులో కలిపేశారు. నడుమనున్న మురిక్కాలవని మాత్రం మాది కాదంటే మాది కాదని ఇద్దరు కౌన్సిలర్లూ వదిలేశారు. ఆ కాలవ పక్క మూడో ఇల్లు సోములుది.

సోములుకి యాభై మూడేళ్లు. ఆరో తరగతిలో బడి మానేసి గూడ్స్ షెడ్డులో సిమెంటు బస్తాలు మోయడానికి చేరాడు, ఇప్పటికీ మోస్తూనే ఉన్నాడు. కూతురు బేబికి కొరాపుట్‌లో నర్సింగు సీటు వచ్చింది. శనివారం లోపల నివాస ధ్రువపత్రం అందించకపోతే ఆ సీటు వెనకున్న పిల్లకి పోతుంది. ఇవాళ గురువారం.

రెవెన్యూ ఇన్‌స్పెక్టరు ఆధార్ చూశాడు, ఓటరు కార్డు చూశాడు. రెండూ కొత్త వార్డు పేరుతో మొన్నమొన్న వచ్చినవే. ఇంటికి పట్టా లేదు, ఆ వీధిలో ఎవరికీ లేదు. పాత కాగితాలు ఏరు పొంగిన ఏడాది పెట్టెతో సహా నాని ముద్దయిపోయాయి.

"పిల్ల పదో తరగతి దాకా చదివింది పార్వతీపురంలో, అమ్మమ్మ ఇంట్లో. మీరు ఆంధ్రావాళ్లు కారని నేనెలా రాయను?" అన్నాడు ఇన్‌స్పెక్టరు ఒడియాలో.

"ముప్పై ఏళ్లు ఏటిగట్టు వార్డులోన జెండాలు కట్టేను ఆజ్ఞా," అన్నాడు సోములు. అయ్యా అనడానికి అక్కడ ఆజ్ఞా అంటారు.

"ఆ వార్డే లేదు కదా."

పాత ఓటర్ల లిస్టుకి దరఖాస్తు పెట్టుకోవచ్చట, నెల పడుతుందట. లేదంటే ఆ వార్డుకి కౌన్సిలరుగా చేసినవాళ్లెవరైనా పదేళ్లు దాటిన కాగితం ఒకటి పట్టుకొచ్చి, ఈ మనిషిని ఎరుగుదుమని ఎదురుగా చెబితే రాస్తాడట.

ఆ వార్డుకి ఐదుసార్లు ఓట్లు జరిగాయి, గెలిచింది ముగ్గురే. మొదటిసారి గొడుగు గుర్తు మీద సుందరరావు మాస్టారు. ఓట్లడగడానికి వచ్చినా, పిల్లలకి ఎక్కం ఒప్పజెప్పించకుండా గడప దిగేవాడు కాదు. వీధిలో మొదటి దీపం ఆయన వేయించిందే. రెండోసారి ఆయనకి ఎదురు నిలబడినవాడే లేడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మూడోసారి వార్డు ఆడవాళ్లకిచ్చారు. ఎండుచేపలమ్మే దేముడమ్మ నిచ్చెన గుర్తు మీద పదకొండు ఓట్లతో గెలిచింది. బుట్ట దించి మీటింగుకి వెళ్తే పక్క కుర్చీవాళ్లు జరిగి కూర్చునేవారు. అయినా రెండు కొళాయిలు తెచ్చింది. నాలుగు, ఐదు కాంట్రాక్టరు బిజయ్‌వి. అతన్ని గెలిపించింది నేనేనని సోములు చాలాకాలం చెప్పుకుని తిరిగాడు. ఇప్పుడు ఆ మాట ఎత్తడు.

గెలిపించడం ఇలా జరిగింది. పదిహేనేళ్ల కిందట ఓటర్ల లిస్టు సవరిస్తున్నప్పుడు, బిజయ్ మనుషులు రాసిపెట్టిన అభ్యంతరం ఫారాల మీద సోములు ఇరవై ఆరు సంతకాలు పెట్టాడు. వీళ్లు ఆంధ్రావాళ్లు, కోతలకి పోయి అక్కడే ఉండిపోయారు, ఇక్కడ కాపురం లేదు అని. అందులో ఐదు పేర్లు దేముడమ్మ ఇంటివి. పేరు లేకపోతే పోటీకి నిలబడ్డానికి లేదు. విచారణ రోజున అధికారి, ఈవిడ నీకు తెలుసా అని అడిగితే, నాలుగిళ్ల అవతల ఉండే మనిషిని, సోములు ఆవిడ మొహం చూడకుండా తెలీదన్నాడు. బిజయ్ ఇప్పిస్తానన్న వాచ్‌మన్ ఉద్యోగం ఇవాళ్టికీ రాలేదు.

ముందు ఆ బిజయ్‌కే ఫోను చేశాడు. జేకేపూర్ దారిలో మేడ కట్టుకున్నాడాయన. "ఏ సోములు?" అని పెట్టేశాడు.

ఇక మిగిలింది దేముడమ్మ. బేబిని వెంటబెట్టుకుని బజారుకి వెళ్లాడు.

"ఏటి సోములూ, దారి తప్పేవా?" అంది దేముడమ్మ ఈగల్ని తోలుకుంటూ. "నాకు ఓటుందో నేదో సూసుకుని మరీ మాటాడు."

"వొదినా, పిల్లకి కాగితం కావాల." విషయమంతా చెప్పాడు, నేల కేసి చూస్తూ.

"బిజయ్ బాబు కాడికి ఎల్లకపోయేవా?"

"ఫోను సేసేను. ఏ సోములన్నాడు."

దేముడమ్మ చేపల చెయ్యి నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "నిన్నే! అంత మోసీవోడినే! అయితే నువ్వూ నా లెక్కలోకి వచ్చీసేవు." నవ్వడం మానేసి బేబి కేసి తిరిగింది. "అమ్మీ, నర్సువైతే ఏటి సేస్తావు?"

"సూదులేస్తాను పెద్దమ్మా."

"ముందు నా మోకాలికి ఎయ్యి." బుట్ట మీద గోనె కప్పి లేచింది. "పదండి. ఇంటికాడ ఒకటుంది, తీసుకుని ఎల్దాం."

అదేమిటో అడిగే ధైర్యం సోములుకి చాల్లేదు.

ఇన్‌స్పెక్టరు ముందు ఆవిడ ప్లాస్టిక్ కవరులోంచి మడతలు చిరిగిన కాగితం తీసి పరిచింది. చూడగానే సోములు పోల్చుకున్నాడు. పేరు తీసేస్తామంటూ ఆవిడకి ఇచ్చిన నోటీసు. కింద అభ్యంతరం పెట్టినవాడి పేరు, ఇంటి నంబరు, ఏటిగట్టు వార్డు, తేదీ, సంతకం, గుండ్రటి ముద్ర.

"ఇతన్ని ఎరుగుదువా?"

"ఎరక్కేటి ఆజ్ఞా! ఇరవై ఆరు పేర్లు తీయించేడు. మాయి ఐదు. మళ్లీ ఎక్కించుకోడానికి ఆరేళ్లు తిరిగేను. అదే వార్డులోన ఓటున్నోడే పేరు తియ్యమని అడగాలని అప్పుడు మీవోళ్లే సెప్పేరు. ఈడు అక్కడోడు కాపోతే నా పేరు తియ్యమనడానికి ఈడెవడు?"

బేబి వంగి, ఇక్కడ రెండేళ్ల కాలేజీలో నేర్చుకున్న ఒడియాలో ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. చదివి తెలుగులో అంది: "ఈ మనిషి ఇక్కడ కాపురం నేదు. ఆంధ్రాకి పోయింది." దేముడమ్మ కేసి చూసింది, తర్వాత తండ్రి కేసి.

ఇన్‌స్పెక్టరు కాగితం సోములు వైపు తిప్పాడు. "ఈ సంతకం నీదేనా?"

ఆవేళ తెలీదన్నంత సులువుగా ఇవాళ కూడా నాది కాదనేయొచ్చు. అంటే కూతురి ముందు కాస్త పరువు మిగులుతుంది, కొరాపుట్ సీటు పోతుంది. కూతురు ఇంకా చూస్తూనే ఉంది.

"నాదే ఆజ్ఞా."

"అప్పుడు ఇక్కడే ఉండేవాడివా?"

"ఇక్కడే. ఈవిడా ఇక్కడే ఉండీది. నాను అబద్ధమాడేను."

ఇన్‌స్పెక్టరుకి ఆ రెండో మాటతో పనిలేదు. నకలు తీయించుకుని, ఫారం మీద రెండు వరుసలు రాసి, రేపు మధ్యాహ్నానికి పత్రం వస్తుందన్నాడు. దేముడమ్మ అసలు కాగితాన్ని మళ్లీ మడతల ప్రకారం మడిచి కవరులో పెట్టుకుంది.

"అదింకెందుకు వొదినా?" అన్నాడు సోములు బయటికొచ్చాక.

"ఉండనీ. రేపు నిన్ను మళ్లీ ఎవడైనా ఏ సోములంటే?"

ఆవిడ బజారు వైపు తిరిగింది. తండ్రీ కూతుళ్లు కాలవ వెంట నడిచారు. ఇల్లు కనిపిస్తుండగా బేబి ఆగింది.

"నాన్నా, మిగతా ఇరవై ఒక్కమందీ ఎవలు?"

సోములు కాలవ అవతలి ఇళ్ల కేసి చూశాడు. కాలవ అంచున చతికిలబడి, చెయ్యెత్తి చూపించాడు.

"ఆ రేకుల ఇంట్లోన రోజారమణి," అని మొదలుపెట్టాడు.