ఎండలో తడిసిన బట్టలు

రోహిణీకార్తె ప్రవేశించినది మొదలు కాకినాడ పురమునందు మధ్యాహ్నమనునది దినమునందలి యొక భాగమువలె గాక జనులెల్లరు మౌనముగా ననుభవింపవలసిన యొక శిక్షవలె నుండెను. సముద్రముమీదుగా రావలసిన చల్లగాలి తీరమున కెదురుగా నున్న దీవి చాటుననే నిలిచిపోయినట్లు జాడలేక యుండ వీధులయందలి తారు మెత్తబడి నడచువారి చెప్పులను పట్టి విడుచుచుండెను. మేడలమీది నల్లని నీళ్ళతొట్లు కాగి కొళాయి విప్పినంతనే సలసలలాడు ధారలను వదలుచుండెను. కుక్కలు కార్ల క్రిందను కాకులు మేడల చూరుల క్రిందను దలదాచుకొని సాయంకాలమను మాట నిజమో కాదో యని సందేహించుచున్నట్లు కన్నులు మూసికొని యుండెను.

అట్టి యొక యాదివారమున రామారావుపేటలోని మూడంతస్తుల మేడయందు రెండవ యంతస్తున హైమవతి తన వంటయింట నిలిచి వచ్చినవారి టీకొరకు పాలు కాచుచుండెను. ఆమె కళాశాలయందు చరిత్ర చదివి పట్టము పొంది యా పట్టమును పెట్టె యడుగున భద్రపరచి యౌవనమునుండి నేటిదాక నిల్లు దిద్దుకొనుచున్న గృహిణి. పొంగిన పాలు గిన్నె యంచు దాటి యామె వ్రేళ్ళపై బడెను. ఆమె చేయి వెనుకకు దీసికొనలేదు. ఎఱ్ఱబడిన చర్మమును పరుల చేతిని జూచినట్లు చూచి గుడ్డతో నద్దుకొని మంట తగ్గించెను. గడచిన పుష్యమాసమున నామె భర్త పేర్రాజు నిద్రయందే గుండె యాగి గతించెను. నాటినుండి వేడియు చలువయు నుప్పును పులుపును నామెకు దూరదేశపు వార్తలవలె చేరుచుండెనే గాని యనుభవములై తోపకుండెను. ఆమె యేడ్వనందుకు బంధువులు చాటున జెవులు కొఱుకుకొనిరి. అదియు నామె వినెను. 

ముందుగదిలో టీవీ యెదుట మువ్వురు పురుషులు గూర్చుండియుండిరి. ఒకడు పేర్రాజు తమ్ముడు సత్తిరాజు. రెండవవాడు ఓడరేవు కార్యాలయమున పేర్రాజుతో గూడ పనిచేసిన మస్తాను. మూడవవాడు పైయంతస్తున నద్దెకుండు గంగాధరము, విశ్రాంతి గొన్న లెక్కల మాస్టరు. పేర్రాజు కూర్చుండెడి పేము కుర్చీ మాత్రము వారి నడుమ ఖాళీగా నుండెను. అది వేసవి లీగు క్రికెట్టు కాలము. వారి కులదైవ సమానమైన సాగర్ స్ట్రైకర్స్ జట్టు నాటి యాట గెలిచినచో చివరి నాలుగు జట్లలో నిలుచును, ఓడినచో మూటముల్లె గట్టుకొని యింటికి బోవును.

"చూడండి మాస్టారూ, వీడు బ్యాటు పట్టుకున్నాడా, పెళ్ళి బంతిలో పప్పు గరిటె పట్టుకున్నాడా?" అని మస్తా నడిగెను.

"పప్పు గరిటైతే అందరికీ అందేదయ్యా. వీడిది బంతికి కూడా అందట్లేదు."

"ఆ కెప్టెన్ని అనాలి," అని సత్తిరాజు నిట్టూర్చెను. "పోయినేడు ఇంకో జట్టు, ఈ ఏడు మనది, వచ్చే ఏడు ఎవరిదో. అద్దెకున్నోడికి గోడకి మేకు కొడితే జాలేముంటది?"

"మాట జాగ్రత్తోయ్. మీ నెత్తి మీద అద్దెకుంటున్నది నేనే."

"మీరు మేకులు కొట్టరు గానండీ, రుబ్బురోలు లాగుతారు."

ఇంతలో నాట యాగి సిమెంటు ప్రకటనలు వచ్చెను. ఆటగాండ్రు నీరు త్రావుటకై యిచ్చు విరామమని వ్యాఖ్యాత పలికెను. "తాగేది వాళ్ళు, సిమెంటు కొనాల్సింది మనం," అని గంగాధరము గొణిగెను. నవ్వు వచ్చెను గాని నిలువలేదు. ఖాళీ కుర్చీవైపు మరలిన చూపులు తడబడి మరల తెరపై వాలెను.

ఈ మువ్వురకును పేర్రాజునకును నడుమ నొక యాచారముండెను. కొన్నియేండ్లకు పూర్వ మొక వేసవి సాయంకాలమున జట్టు ఓటమియంచున నుండ నకాలవర్షము కురియుటచే పేర్రాజు బాల్కనీలో నారవేసిన బట్టలను దెచ్చుటకై లేచెను. ఆయన వెలుపల నుండగనే జట్టు గెలిచెను. మరుసటి యాటయందును నట్లే జరిగెను. అంతట సత్తిరాజు శాసనకర్తయై యన్నగారు గదిలో నున్నంతవరకు గెలుపు గడప ద్రొక్కదని తీర్మానించెను. నాటినుండి యాట బిగిసినపుడెల్ల నెవరో యొకరు "పేర్రాజుగారూ, బట్టలు తడుస్తున్నాయి" అనెడివారు. ఆకాశమున మబ్బుతునక యుండెడిది కాదు. తీగపై దువ్వాలైన నుండెడిది కాదు. ఆయన యొక చిఱునవ్వు నవ్వి లేచి మండుటెండలో తడియుచున్న యా బట్టలకొరకు వెలుపలికి బోయెడివాడు. ఒకమారు తలుపు సందున దొంగచూపు చూడగా వికెట్టు పడుటచే లోపల గడియ వేయుటయు నాచారములో జేరెను. లోనివారికిని నియమము గలదు. గండము గడచుదాక నెవ డెట్లు కూర్చున్నవా డట్లే కూర్చుండవలెను. కాలు తిమ్మిరెక్కినను ముక్కుపై నీగ వ్రాలినను గదలరాదు.

ఆ గడియ వేయునది తఱచుగా హైమవతియే.

వంటయింటి కిటికీ బాల్కనీలోనికి దెఱచికొనును. వంటయింటి గుమ్మమునుండి టీవీ కనబడును. "ఏమయింది హైమా?" అని యూచల వెనుకనుండి పేర్రా జడుగును. ఆట యెఱుగని హైమవతి తొలుత "బంతి జనాల్లో పడిందండీ" అనియు "తెల్లకోటాయన రెండు చేతులూ ఎత్తాడు" అనియు జెప్పెడిది. క్రమముగా నామెకు పేర్లును పద్ధతులును దెలిసెను. ఎవ రెప్పు డేమి చేసిరో వరుస దప్పక చెప్పుట చరిత్ర చదివిన యామెకు సహజమే. ఆయన ప్రతిమాటకు "అవునా" యనుచు నాశ్చర్యపడుచు వినును. ఒకమారు "మనవాడు అవుటైపోయాడండీ" యని యామె చెప్పగా "తొందరపడకు, మళ్ళీ చూడు" అనెను. చూడగా నది నోబాలు. ఆయన నమ్మకమున కామె యప్పుడు విస్మయపడెను. ఉప్పును పాలును గ్యాసుబండయు దప్ప వేఱొక ప్రసంగ మెఱుగని యా దాంపత్యమున నా యూచల నడుమ సాగిన మాటలే యతిదీర్ఘములైన మాటలు.

అయినను భర్త గతించిన పిమ్మట హైమవతి మనస్సునం దన్ని భావములును మొద్దుబారి యొక్క యభియోగము మాత్రమే మిగిలియుండెను. ఆటపై ప్రాణము పెట్టుకొన్న మనుష్యుడు తన యింట తన టీవీయందు తన జట్టు గెలుపు నొక్కదానినైనను గన్నులార చూడకయే పోయెను. చూడనీయనివారు ఈ మువ్వురు. గడియ వేసినది తాను. తన శిక్ష తా ననుభవించుచునే యున్నది. వీరి శిక్ష నేడు ప్రకటింపవలెనని యామె నిశ్చయించుకొనెను. ఆట ముగిసినవెంటనే చెప్పవలసిన వాక్యమును కూరలో నుప్పు చూచినట్లు పెదవులపై నుంచి చూచుకొనెను. "ఇవాళ్టితో చాలు. ఇంక మీరు ఈ ఇంటికి రావద్దు." ఎక్కువయు లేదు, తక్కువయు లేదు. సరిపోయెను.

టీ గ్లాసులు ఖాళీయయ్యెను. సూర్యుడు మేడల వెనుకకు జాఱెను. ఆట చివరి యోవరునకు వచ్చి నిలిచెను. కావలసిన పరుగులు మెండు, మిగిలిన బ్యాట్లు మొండివి.  మస్తాను కన్నులు తెరనుండి మరల్పకయే యేండ్ల యలవాటు చొప్పున పలికెను.

"పేర్రాజుగారూ, బట్టలు తడుస్తున్నాయి."

పలికి నాలుక గఱచుకొనెను. గంగాధరము కండ్లద్దములు దీసి తుడువసాగెను. సత్తిరాజు తల వంచుకొనెను. పేము కుర్చీ యట్లే యుండెను.

"నేను తెస్తాను," అని హైమవతి వంటయింటినుండి వచ్చెను.

"అక్కగారూ, నోరు జారిందండీ. మీరు కూర్చోండి."

"పద్ధతి పద్ధతే కదా. సత్తిరాజూ, నేను వెళ్ళాక గడియ వెయ్యి."

"వదినా, ఎందుకిప్పుడు..."

"వెయ్యమన్నాను."

ఆయన నిలిపియుంచబడిన చోటెట్టిదో యొకమారు తానును నిలిచి చూడవలెనని మాత్రమే యామె తలంచెను. వెనుక గడియ పడిన చప్పుడు వినెను. నేటివఱకు లోపలనుండి వినిన యా చప్పుడు వెలుపలనుండి వేఱుగా నుండెను. బాల్కనీలో గడపకు ప్రక్కగా నొకచోట పిట్టగోడ మీది యినుపకమ్మి రంగు రెండు మోచేతుల వెడల్పున నరిగి లోహము బయటపడియుండెను. ఆమె యచ్చటికే పోయి నిలిచి తలయెత్తెను.

సందుకు ఆవల నెదురింటి మేడపై నొక కిటికీ. ఆ కిటికీకి సగము తెరచిన పరదా. ఆ పరదా వెనుక గోడకు పెద్ద టీవీ. మునగకొమ్మకును నీళ్ళతొట్టికిని నడుమ నా యరిగిన చోటునుండి మాత్రమే యా తెర కనబడుచుండెను. అందు నీలి యంగీల సాగర్ స్ట్రైకర్స్ ఆడుచుండిరి.

ఎదురింటి గదిలో బత్తాయి తొన లొలుచుకొనుచున్న యొక వృద్ధురాలు బాల్కనీలో మనుష్యజాడ గని తల త్రిప్పకయే చేయి చాచి యలవాటుగా పరదాను ప్రక్కకు లాగెను. లాగుచు నటు చూచి నిలిచినది స్త్రీ యని గుర్తించి చేయి యాపెను. క్షణకాల మామెయు నీమెయు నొకరి నొకరు చూచుకొనిరి. పిమ్మట నా వృద్ధురాలు పరదాను తక్కిన సగమును గూడ ప్రక్కకు లాగి మరల బత్తాయి తొనల జోలికి బోయెను.

తెరపై బ్యాటు లేచెను. బంతి ప్రేక్షకులలో బడెను. లోపలి గదియందు మాత్రము చలనము లేదు. హైమవతి రెండు మూడు మార్లు ఊపిరి తీసిన పిదప గదాయని తన యింట కేకలు లేచెను. ఏండ్ల క్రిందటనే పాత కేబులు తీసివేయించి సత్తిరాజు తగిలించిన యింటర్నెట్టు పెట్టె ఎదురింటి కేబులుకంటె వెనుకబడి వచ్చునని యామె కప్పుడు దెలిసెను. ఆ నోబాలు నాటి మాటయు నప్పుడే తెలిసెను. ఆయన యన్ని గెలుపులను జూచెను. లోనివారికంటె ముందుగనే చూచెను. చూచి, యేమియు నెఱుగనివానివలె వచ్చి యూచలు పట్టుకొని "ఏమయింది హైమా?" యని యడిగెను. ఆయనకు కావలసినది యాట సంగతి కాదు.

ఈ తలంపు వచ్చి యామెలో నెక్కడనో తగిలెను. ఎక్కడ తగిలెనో యామెకు వెంటనే తెలియలేదు.

తెరపై చివరి బంతి. మూడు పరుగులు గావలెను. బౌలరు పరుగెత్తెను. బంతి నేలబారున గీతవైపు బోయెను. ఫీల్డరు దానిపై బడెను. చేతుల క్రిందనుండి జాఱి బంతి గీత దాటెను. నీలి యంగీలవా రొకరిపై నొకరు పడిరి. ఆ క్షణమున నా యింట నా గెలుపు హైమవతి యొక్కతెకే తెలిసియుండెను.

అప్పుడు వంటయింటి కిటికీలో సత్తిరాజు ముఖము కనబడెను. బిగువువేళ చోటు విడిచి కదలరాదని శాసించినవాడే చోటు విడిచి వచ్చెను. వెనుకనుండి మస్తాను, "కదలకురా సత్తీ, కొంప ముంచుతావు," అనుచుండెను.

"నీకు చెప్పేవాళ్ళు లేరుగా, వదినా," అని సత్తిరాజు ఊచలు పట్టుకొనెను. మెడ వెనుకకు ద్రిప్పి గుమ్మముగుండ టీవీని జూచుచుండెను. "ఆఖరి బంతి. మూడు కావాలి."

హైమవతి యెదురింటి తెరకు వీపు ద్రిప్పి కిటికీ చేరువకు వచ్చెను.

"ఏమయింది?" అని యడిగెను.

"వేస్తున్నాడు. కొట్టాడు వదినా. గాల్లో లేదు, నేలమీదే. ఫీల్డరున్నాడక్కడ. పడ్డాడు. పట్టాడు... లేదు. చేతి కిందనుంచి పోయింది. ఫోరు వదినా. గెలిచాం."

"అవునా," అనెను హైమవతి.

లోపల మస్తానును గంగాధరమును నఱచుచుండిరి. సత్తిరాజు మాత్రము కదలక యూచలపై నుదురానించెను. "అన్నయ్య ఒక్కటీ చూడలేదు వదినా. నేనే చూడనివ్వలేదు."

"చూశాడులే సత్తిరాజూ."

అది యోదార్పుమాట యని తలంచి యతడు తల యూచెను. ఆమె వివరింపలేదు. మధ్యాహ్నమునుండి పెదవులపై సిద్ధముగా నున్న వాక్యమును వెదకెను గాని యది యచ్చట లేకుండెను.

"మళ్ళీ ఆట ఎప్పుడు?"

"బుధవారం."

"అయితే బుధవారం నేను బట్టలు ఆరేస్తాను. తడుస్తుంటే చెప్పండి."

సత్తిరాజు కన్నులు దుడుచుకొని గడియ తీయుటకై లోనికి బోయెను. ఎదురింట టీవీ ఆరిపోయి పరదా మూతపడెను. సముద్రమువైపునుండి తొలిగాలి వచ్చి మునగకొమ్మను గదలించెను. పాలు పడి యెఱ్ఱబడిన వ్రేళ్ళను హైమవతి రంగు పోయిన యినుపకమ్మిపై నుంచెను. పగలెల్ల ఎండలో గాలిన యా యినుము ప్రొద్దు గ్రుంకినను చల్లాఱక యుండెను. అది చుఱుక్కున గాలెను. ఆమె చేయి వెనుకకు దీసికొనెను.