మోకాళ్ల చోటు

పాతపట్నం దగ్గరి ఆ పల్లెలో ఆదివారం పొద్దున్నే చర్చి ఊడ్చి చాపలు పరిచేవారు. కిటికీ పక్కనున్న ఒక్క రాతిపలక మీద మాత్రం చాప వేసేవారు కాదు. అది బుల్లమ్మ మోకాళ్లూనే చోటు. పాటలయ్యాక ఆమె అక్కడ మోకరిస్తే ఎవరిదో ఒక పేరు దానంతట అదే ఆమె నోటికొచ్చేది. ఆ పేరుగలవాళ్లకు ఆ వారం ఏదో ఆపద ఉందన్నమాట. అందరూ ప్రార్థన చేసి, ఆ మనిషిని వారమంతా కనిపెట్టుకుని ఉండేవారు. చాలామటుకు ఆపద తప్పిపోయేది. ఊళ్లో మొదట బాప్తిస్మం తీసుకున్న మరియమ్మ నుంచి ఆమె కోడలికి, ఆ కోడలి నుంచి బుల్లమ్మకు ఆ చోటు వచ్చింది.

వానాకాలం మొదట్లో బుల్లమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇక మోకరించాల్సింది ఆమె కోడలు ఉష.

ఉషకు భయం పట్టుకుంది. భర్త ధనరాజు ఒడిశా కొండల మీదుగా లారీ తోలుతాడు. తన నోటికి అతని పేరే వస్తే? ఆ పేరు పలికాక వారమంతా ఎలా బతకడం? తలనొప్పని ఒకసారి, నడుం నొప్పని ఒకసారి వెనక వరసలోనే కూర్చుండిపోయేది. పలక ఖాళీగా ఉండేది.

అలాంటి ఒక వారంలోనే ఆ ఊరి ఇస్సాకు పొలంలో మోటారు దగ్గర కరెంటు షాకు కొట్టి పోయాడు. సమాధి దగ్గర అతని భార్య ఉష వైపు ఊరికే చూసింది. ఆ చూపుతో ఉష ఇంటికొచ్చి అత్త మంచం పక్కన కూలబడింది.

"నాను ఎల్లలేనత్తా. ఆయన పేరొచ్చిందంటే నా పేనం అక్కడే పోద్ది."

"నాకు మాత్రం బయం లేదనుకున్నావేటి?" అంది బుల్లమ్మ. "మీ మావ పేరూ వచ్చినాది, ధనరాజు పేరూ వచ్చినాది. నోరు నొక్కేసుకుందునా అనిపించీది. సెప్పకపోతే ఆపద ఆగుతాదేటే? మందికి తెలీకుండా వస్తాది, అంతే."

తర్వాతి ఆదివారం ఒకటే వాన. ఉష తడికొంగుతోనే పలక మీద మోకరించింది. ధనరాజు కాకూడదు, ధనరాజు కాకూడదు అని లోపల అనుకుంటుండగానే పళ్ల మధ్యనుంచి పేరు జారింది.

"బుల్లమ్మ."

ముసలామె ఇంట్లో ఒక్కతే ఉంది. పాస్టరు అయ్యగారు ప్రార్థన అందుకున్నారు. కొందరు పెదవుల మీద ప్రార్థన ఆపకుండానే బురదలో పరుగెత్తారు. ఉష వాళ్లందరికంటే ముందుంది. ఇంటి గోడ ఉబ్బి ఉండడం చూసి, ముసలామెను దించకుండా మంచంతో సహా ఎత్తి వీధి అవతలి పాకలోకి మోసుకొచ్చారు. భోజనాల వేళకు, నానిపోయిన మట్టిగోడ మంచం ఉన్న చోటునే కూలింది.

పాకలోంచి ఆ మట్టికుప్ప వైపు చూస్తూ బుల్లమ్మ అడిగింది.

"ఎవరి పేరొచ్చినాదే?"

"నీదే, అత్తా."

"ఇన్నేళ్లూ అందరి పేర్లూ పలికినాను. నా పేరు మాత్రం ఎప్పుడూ రాలేదే. మోకరించినోలికి తమ పేరు రాదు. అది పలకడానికి ఇంకోలు ఉండాల."

ఉష ఆమె తడిసిన కాళ్లు తుడిచి దుప్పటి కప్పింది.

"వచ్చే ఆదివారం ఎల్తావా?"

"బయమేస్తన్నాది, అత్తా."

"ఎయ్యనీ," అంది బుల్లమ్మ, కోడలి చేతులు గట్టిగా పట్టుకుని. "బయంతోనే ఎల్లు."