చెరిపినా తిరిగొచ్చే మాట

బడి మానేసి రెంచి పట్టుకున్నవాణ్ణి నేను. కరెంటు రాగానే బోరు మోటార్లను వాటంతటవే నడిపే ఆటో స్టార్టరు పెట్టెలు బిగిస్తాను. ఆ పెట్టెలను నడిపే ప్రోగ్రాం నా తమ్ముడు సందీప్ రాశాడు. పోయిన వేసవిలో రాప్తాడు దగ్గర లారీ కింద పడి చనిపోయాడు. కంపెనీవాళ్లు దండ తెచ్చారు, ఫొటోలు తీసుకున్నారు, వాడి కుర్చీలో మౌనికను కూర్చోబెట్టారు.

ఆ పిల్ల మంచిదే. పెట్టెతో పాటు ఇచ్చే పుస్తకాన్ని ప్రోగ్రాంలోంచి కంప్యూటరే తయారుచేస్తుంది; అది బిగించేవాళ్లకు అర్థం కావడం లేదని, దాన్ని బాగుచేయడానికి నన్ను అనంతపురం ఆఫీసుకు పిలిపించింది.

"యాడ తట్టుకుంటాండావో చెప్పన్నా."

"మొదటి పేజీలోనే. వైరు యాడ కలపాల్నో అడిగితే, పెట్టె పుట్టుపూర్వోత్తరాలు చెప్తాండాది."

నవ్వి, వైర్ల బొమ్మ ముందుకు తెచ్చింది. చివరి పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ఒక మాట కనిపించింది.

"అన్నా, కరెంటు లేదు గదాని చెయ్యి పెట్టొద్దు. ముందు ఫ్యూజులు పీకు."

వాడు రోజూ నన్ను సతాయించిన మాట. వాడు పోయినప్పటి నుంచీ నేను ఫ్యూజులు పీకడం మానేశాను. ఎవరికోసం పీకాలి?

"సందీపన్న ప్రోగ్రాం మధ్యలో రాసుకున్నాడు," అంది మౌనిక. "బాగలేదు, చెరపమన్నాడు మా ఆఫీసు సారు. ఈడ పుస్తకంలో చెరుపుతా, పొద్దున మళ్లా ఉంటాది. ఒళ్లు జలదరించిందన్నా. కొత్తదాన్ని, నాకు నిన్ననే తెలిసింది. కంప్యూటర్ దినామూ పుస్తకాన్ని ప్రోగ్రాంలోంచే మళ్లా పుట్టిస్తాది. ఆడ చెరిపితేనే పోతాది." గొంతు తగ్గించింది. "చెరిపేదా?"

వాడి ఫోను కూడా ఆ లారీ కిందే నుగ్గయింది. వాడి మాట ఇంకెక్కడా మిగల్లేదు.

"వద్దు. అందరికన్నా ముందు కనబడేలా, లావు అక్షరాల్లో పైన పెట్టు."

"సారు ఒప్పుకోడేమో."

"ఒకసారి వచ్చి పెట్టెలో చెయ్యి పెట్టి చూడమను మీ సారును."

మౌనిక ఆ మాటను పైనే పెట్టింది. 'అన్నా' కూడా తీయలేదు.

కొన్నాళ్లకు కదిరి పక్కన తిప్పేష్ అనే రైతు పొలంలో పెట్టె మూత తీశాను. కరెంటు లేదు. చెయ్యి లోపలికి పోతోంది. తిప్పేష్ గట్టున కూర్చుని కొత్త పుస్తకం విప్పి, ఊసుపోక పైకి చదివాడు.

"అన్నా, కరెంటు లేదు గదాని చెయ్యి పెట్టొద్దు..."

గొంతు తిప్పేష్‌ది. మాట వాడిది. చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. అంతలో కరెంటొచ్చి పెట్టెలో టక్కుమంది. బోరులో మోటారు గుర్రుమని లేచింది.

"ఎవరప్పా ఇది రాసినోడు?" అన్నాడు తిప్పేష్. "నీ వెనక నిలబడి చెప్పినట్టుండాది."

తిరిగి చూశాను. ఎండిన వేరుశనగ చేను తప్ప ఎవరూ లేరు. ఫ్యూజులు పీకాను.