నలభై రెండు నిమిషాల నవ్వు

"పోపు మాడ్చావా పార్వతీ? పిల్లల్ని పెంచే మిషను చేస్తుందట, పోపు పెట్టడం రాదు" అంది మా అత్త సుబ్బరావమ్మ.

మిషనంటే కారులో పెట్టే చిన్న డబ్బా. గుంటూరులో ఈ వంటింటి బల్ల మీదే, మా కంపెనీ కోసం ఏడాదిగా తయారుచేస్తున్నాను. బండి కదలగానే అది పిల్లల్ని ఓ ప్రశ్న అడుగుతుంది. వాళ్ళూ నడిపేవాళ్ళూ కలిసి నవ్వితే పచ్చ దీపం వెలుగుతుంది, ఎంతసేపు నవ్వారో ఫోనుకొస్తుంది. పరీక్షకని మా కారులోనే పెట్టాను. మా కారంటే మా ఆయన ప్రేమ్‌చంద్ కారు. నాకు లైసెన్సుంది, తాళం మాత్రం ఆయన జేబులో ఉంటుంది. "నీకెందుకే, గీతలు పెడతావు" అంటాడు. ఆ కారు మీద ఉన్న బెంగలో పావు వంతు నా మీద ఉండి ఉంటే ఈ కోపం ఉండేది కాదు.

శుక్రవారం బడికి సెలవని మా ఎనిమిదేళ్ళ తేజశ్రీని పొదిలిలో ఉన్న మా పొలానికి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఫోనులో నలభై రెండు నిమిషాల నవ్వు! ఆ అంకెని ఫొటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టుకున్నాడు. "వాడికి పిల్లంటే ప్రాణం. కన్నతల్లికే తీరిక లేదు" అంది అత్త. ఆ లెక్క చూసిన మా మేనేజరు రహమాన్ గారైతే, "సోమవారం డబ్బాని జనానికి చూపించే సభలో స్టేజీ మీద మీవారే మాట్లాడాలండీ. కార్లు కొనేది తండ్రులే కదా" అన్నారు. ఏడాది నడుం విరిగింది నాకు, మైకు ఆయనకి. ఒళ్ళు మండిపోయింది.

పదేళ్ళ కాపురంలో నన్ను నాలుగు నిమిషాలు నవ్వించని మనిషి. అనుమానమొచ్చి డబ్బాలో ఉన్న రికార్డింగు పెట్టుకుని విన్నాను.

నవ్వు కాదు, ఇద్దరి దగ్గు. వెనక సీట్లో పిల్ల పక్కనే ఎండు మిరపకాయల టిక్కీలు, అంటే గోనె బస్తాలు కుక్కి, కారులో దుమ్ము పడుతుందని అద్దాలెత్తి ఏసీ పెట్టాడు. నా డబ్బాకి దగ్గుకీ నవ్వుకీ తేడా తెలీలేదు. మిరప ఘాటు కోరుకి దగ్గుతూ పెరిగిన దాన్ని, డబ్బాకి ఆ తేడా నేర్పకపోవడం నా తప్పే.

"నాన్నా, అద్దం దించవా? ఊపిరాడట్లేదు."

"నోర్మూసుకుని కూర్చో. అచ్చం మీ అమ్మే."

దారంతా ఆయన మాట్లాడింది అదొక్కటే.

తేజని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఇది అందరికీ వినిపించనా?" అని అడిగాను. "నాన్న తిడతాడు. నువ్వుంటావుగా... వినిపించు" అంది.

ఆదివారం సాయంత్రం మా ఆయన తెల్ల చొక్కా నా మీదికి విసిరాడు. "ఇస్త్రీ చెయ్యి. రేపు ఏం మాట్లాడాలో కాగితం మీద రాసిపెట్టు."

చొక్కా కుర్చీలో పడేసి, కొక్కేనికున్న ఆయన ప్యాంటు జేబులోంచి కారు తాళం తీసుకున్నాను.

"రేపు మాట్లాడేది నేను. మీరు మాట్లాడాల్సింది శుక్రవారమే మాట్లాడేశారు."