సామాను కదలని రోజు

వెనక గోడకు చేరేసి ఉన్న కుర్చీలన్నీ ముందుకు లాగి, షట్టరు దగ్గర నిలువెత్తు దొంతరలుగా పేరుస్తున్నాడు యాకూబు. ఎర్రవి ఒక పక్క, నీలంవి ఒక పక్క. వాటి వెనక షామియానా గుడ్డల మూటలు, ఇనుప పైపుల కట్టలు, బోర్లించిన వంట గంజులు. రోడ్డు మీద పోయేవాడు తల తిప్పితే చాలు, దుకాణపు మడిగె నిండా సామానే కనబడాలి. మూడు పదుల ఏళ్లుగా సామాను బయటికి మోయడమే తెలిసిన మనిషికి లోపల అందంగా సర్దడం కొత్త పని. ఒక దొంతర పక్కకు ఒరిగితే అంతా దించి మళ్లీ పేర్చాడు.

"పెండ్లిపిల్లను తయారు జేసినట్టు జేస్తున్నవ్ గద," అంది రూత్, తడిగుడ్డతో కుర్చీ చేతులు తుడుస్తూ.

భార్య మాటకు ఎప్పుడూ నవ్వే యాకూబు ఈ రోజు నవ్వలేదు. రోడ్డు వైపు చూశాడు. కామారెడ్డి నుంచి వచ్చిన బస్సు ఆగి, మనుషులను దించి పోయింది. మడిగె చూడడానికి వచ్చే సారు బస్సులో రాడని తెలిసినా దిగినవాళ్లందరి ముఖాలూ చూశాడు.

టెంట్ హౌస్ వ్యాపారానికి ఒక వింత గుణం ఉంది. మడిగె నిండుగా ఉందంటే బేరం లేనట్టు, ఖాళీగా ఉందంటే ఉన్నట్టు. ఎల్లారెడ్డిలో ఈ సంగతి చిన్నపిల్లలకూ తెలుసు. జీఎస్టీ నంబరు కోసం యాకూబు పెట్టుకున్న దరఖాస్తును చూడడానికి పోయిన మాఘమాసంలో ఒక సారు వచ్చాడు. ఆ రోజు మంచి ముహూర్తం. ఉన్న సామానంతా రెండు పెండ్లిళ్లకు పోయింది, సామాను వెంట యాకూబూ పోయాడు. తెరిచి ఉన్న మడిగెలో సారుకు కనబడింది ఒక చీపురు, ఒక చిరిగిన కార్పెట్ ముక్క. ఈ చోట వ్యాపారం జరుగుతున్న ఆనవాళ్లు లేవని దరఖాస్తు కొట్టేశారు. బతుకులో అంత వ్యాపారం చేసిన రోజు ఇంకోటి లేదని ఎవరికి చెప్పుకుంటాడు?

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఇలాంటి కాగితాల పని చూసే సిద్ధార్థ మళ్లీ దరఖాస్తు పెట్టించాడు. "ఈసారి సారొచ్చే దినం ఒక్క కుర్చి గూడ కదలనియ్యకన్నా. మల్ల కొట్టేస్తే నన్నడగకు," అని గట్టిగా చెప్పాడు. అప్పటినుంచి యాకూబుకు ఆ మాటే జపం అయింది. సారు నిన్న సాయంత్రం ఫోన్ చేసి రేపు వస్తానన్నాడు. వైశాఖంలో ఈ రోజంత పెద్ద ముహూర్తం మళ్లీ లేదు. వచ్చిన బేరాలన్నిటినీ యాకూబు దండం పెట్టి వెనక్కి పంపాడు.

నంబరు లేకపోతే ఏమవుతుందంటే, ఇప్పుడు జరుగుతున్నదే జరుగుతుంది. మీసం రాని వయసులో పురుషోత్తం సేటు టెంట్ హౌస్‌లో కూలికి చేరాడు యాకూబు. పైపుల కట్టలు మోసి మోసి కుడి భుజం ఎడమదానికంటే కిందికి జారింది. తన పెండ్లికి తానే పొద్దున్నే టెంటు వేసి, స్నానం చేసి పెండ్లికొడుకై, పాస్టరు దీవించి పోయాక సాయంత్రం ఆ టెంటు తానే విప్పాడు. రెండేళ్ల కింద సేటు దగ్గర మానేసి, పాత సామాను కొనుక్కొని సొంతంగా పెట్టుకున్నాడు. అయినా ఆఫీసు మీటింగులకు, బడి ఫంక్షన్లకు నంబరు లేని బిల్లు చెల్లదు కాబట్టి ఆ పనులు సేటు పేరు మీదే చేయాలి. సామాను యాకూబుది, చెమట యాకూబుది, బిల్లు సేటుది. ఊళ్లో ఇప్పటికీ అతన్ని సేటు మనిషి అనే అంటారు. హాస్టలు బడి ప్రిన్సిపాలు మాత్రం, బడులు తెరిచేలోపు నంబరు తెచ్చుకుంటే ఏడాది పొడుగునా తమ పని అతనికే అన్నాడు. ఈసారి కూడా పోతే ఆ పని సేటుకే పోతుంది, యాకూబు మళ్లీ సేటు కూలిగా వెళ్లి గుంజలకు గుంతలు తవ్వుతాడు.

ఫోను మోగింది. కొత్త నంబరు. సారే అనుకొని చేతులు ప్యాంటుకు తుడుచుకొని ఎత్తాడు.

"టెంట్ హౌస్ యాకూబన్ననా? తండల సావైందన్నా. ఒక టెంటు, జరన్ని కుర్చీలు గావాలె. ఊర్ల ఎవ్వల్నడిగినా లగ్గాలకు పోయినయంటున్నరు."

"నా తాన గూడ లెవ్వు."

"నీ మడిగె నిండ ఉన్నయని జెప్పిండ్రు గదన్నా."

"ఉన్నయ్ గని ఇయ్యరాదు. ఈయాల కాదు," అన్నాడు యాకూబు.

అవతలి మనిషి ఫోను పెట్టేశాడు.

టెంటు కోసం ఎవరు ఫోన్ చేసినా యాకూబు మొదట అడిగేది ఏ ఊరు, ఎవరింట్ల అని. అలా అడగకపోతే సామాను ఎక్కడికి పంపాలో తెలియదు. ఈ రోజు ఆ మాట గొంతు దాకా వచ్చింది, వచ్చినదాన్ని మింగేశాడు. అడిగితే పేరు చెబుతారు. పేరు తెలిశాక లేదనడం తనవల్ల కాదని అతనికి తెలుసు.

"ఎవలు?" అంది రూత్.

"తండల ఎవలో సచ్చిపోయిండ్రట."

"ఏ తండ?"

"అడగలే."

రూత్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. "సావింటికి లెవ్వన్నవా?"

"సారొచ్చి పోంగనే పంపుత."

"శవం సారు కోసం ఆగుతదా?"

యాకూబు సరిగ్గానే ఉన్న దొంతరను మళ్లీ సర్దసాగాడు. "మల్ల గా నంబరుకు జెయ్యి. ఏ తండనో అడుగు," అంది ఆమె. సారు ఫోన్ చేస్తే లైను కలవదు అన్నాడతను. అది వంక అని ఇద్దరికీ తెలుసు. ఇద్దరి మనసులోకీ వచ్చింది ఒకటే పేరు, ఇద్దరూ దాన్ని పైకి అనలేదు. రూత్ గుడ్డను బకెట్ అంచున ఆరేసి, కొంగు భుజం మీదికి లాక్కొని, "ఆటోల కాడ అడిగొస్త," అని వెళ్లిపోయింది.

సోమ్లా తండాలో తావుర్యా ఉన్నాడు. సేటు దగ్గర పనిచేసినన్నాళ్లూ యాకూబుకు ఎదురు గుంజ అతనిదే. పెద్ద షామియానా లేపాలంటే ఇద్దరు మనుషులు రెండు కొసల నిలబడి ఒక్కసారే తాడు గుంజాలి. ఒకడు ముందు, ఒకడు వెనక అయితే గుడ్డ చిరుగుతుంది, లేదా గుంజ మీద పడుతుంది. వాళ్లిద్దరికీ అరుపులు అక్కర్లేదు. తావుర్యా బీడీ పారేశాడంటే గుంజడానికి సిద్ధమన్నమాట. ఎందరి లగ్గాలకో, ఎందరి చావులకో అలా నీడ లేపారు. ఒక మీటింగుకు స్టేజీ కడుతుంటే తావుర్యా జారిపడి తుంటి విరిగింది. సేటు దవాఖాన ఖర్చు పెట్టి ఇంటికి పంపాడు. అప్పుడే యాకూబు కూడా సేటు పని మానేశాడు. మొదట్లో ఆదివారం ప్రార్థన అయ్యాక రూత్‌ను తీసుకొని తండాకు పోయి వచ్చేవాడు. కాగితాల తిరుగుడు మొదలయ్యాక పోలేదు. తావుర్యా తిండి తగ్గించాడని ఎవరో అన్నారు. నంబరు వచ్చాక ఆ కబురు తీసుకొనే పోదామనుకున్నాడు.

ఎండ ముదిరింది. సేటు ట్రాలీ ఆటో సామాను వేసుకొని పోతూ హారన్ కొట్టింది. ఎక్కడో బ్యాండు మోగుతోంది. కుర్చీల కోసం ఒకరిద్దరు ఆగి, లోపల నిండుగా చూసి, లేవంటే నమ్మలేక వెళ్లారు. యాకూబు ఒకసారి ఒక షామియానా మూట భుజానికెత్తుకొని రోడ్డు దాకా వచ్చాడు. మళ్లీ వెనక్కి పోయి ఎక్కడ తీశాడో అక్కడే పెట్టాడు. తండాలు చాలా ఉన్నాయి, ముసలివాళ్లు చాలామంది ఉన్నారు, అదే ఎందుకు కావాలి అని తనకు తాను చెప్పుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం తెల్లకారు వచ్చి ఆగింది. దిగిన సారు చిన్నవాడే, నెత్తిన టోపీ, చేతిలో ఫైలు. మర్యాదగా నమస్కారం పెట్టాడు. ఆధార్ కార్డు, అద్దె అగ్రిమెంటు, మడిగె కరెంటు బిల్లు అడిగి చూశాడు. సారు లోపలికి తొంగి చూసి కనుబొమలు ముడిచాడు.

"ఇంత పెద్ద ముహూర్తం రోజు సామానంతా ఇక్కడే ఉందేంటండీ? వ్యాపారం నడుస్తోందా అసలు?"

"నడుస్తది సార్. మస్తు నడుస్తది. మీరొస్తరని ఆపిన."

"మొత్తమా?"

"పోయినపాలి మడిగె ఖాళీ ఉందని కొట్టేసిండ్రు సార్. అందుకే ఒక్క కుర్చి గూడ..."

సారు పాపం అన్నట్టు చూశాడు. "అయ్యో, అంత అవసరం లేదండీ. అప్పుడు బోర్డు లేదు, మనిషి లేడు, ఏమీ లేదు. మీరు ఉండి, బోర్డు ఉండి, నాలుగు కుర్చీలు కనబడితే చాలు. మిగతావి పంపుకోవాల్సింది. అనవసరంగా నష్టపోయారు."

నాలుగు కుర్చీలు. యాకూబుకు ఆ మాట విన్నాక తర్వాతివి సరిగా వినబడలేదు. బోర్డు కింద నిలబడమంటే నిలబడ్డాడు. సారు ఫోను పైకెత్తి ఫొటో తీయబోతుంటే యాకూబు జేబులో ఫోను మోగింది. ఆగి, మళ్లీ మోగింది.

"ఎత్తండి, పర్వాలేదు," అన్నాడు సారు.

"ఏం లేదు సార్. ఇంటోల్ల ఫోను."

మూడోసారి మోగుతుండగానే ఫొటో పడింది. 'ఇమ్మానుయేలు టెంట్ హౌస్' అన్న కొత్త బోర్డు, నిండుగా ఉన్న మడిగె, రెండు చేతులూ తొడలకు ఆనించి బిగుసుకుపోయిన యాకూబు. అంతా బాగుందని, రిపోర్టు ఈ రోజే పంపుతానని, ఇక నంబరు వచ్చినట్టే అనుకొమ్మని చెప్పి సారు కారెక్కాడు. ఇన్నేళ్లలో తనకు ఒక సర్కారు మనిషి చెప్పిన మంచిమాట అదొక్కటే. కారు మలుపు తిరిగేదాకా నిలబడి యాకూబు ఫోను తీశాడు.

"తావుర్యన్ననే," అంది రూత్. ఆమె అప్పటికే సోమ్లా తండాకు చేరింది. "తెల్లారంగ పాయెనట. ఎండల పండవెట్టిండ్రు. శవాన్ని లేపుతమంటున్నరు. జల్ది రా."

ట్రాలీ ఆటోలన్నీ లగ్గాలలో ఉన్నాయి. ఒకటి దొరికేసరికి చాలాసేపు పట్టింది. యాకూబు చేతికందినవన్నీ ఎత్తి వేశాడు. షామియానాలు, పైపులు, కార్పెట్లు, పొద్దుటినుంచి పేర్చిన దొంతరలన్నీ. ఒక్క చావుకు ఇంత సామానెందుకని డ్రైవరు అడుగుతుంటే ఇంకో కట్ట ఎత్తి వేశాడు. మడిగె మొత్తం ఖాళీ అయ్యేదాకా ఆగలేదు. షట్టరు కూడా దించకుండా ఎక్కి కూర్చున్నాడు. దారి పొడుగునా డ్రైవరును తొందరపెడుతూనే ఉన్నాడు.

తండా మొదట్లోనే మగవాళ్లు ఎదురయ్యారు. వాగు దిక్కు నుంచి కాళ్లు కడుక్కొని తిరిగి వస్తున్నారు. వాళ్లలో తావుర్యా కొడుకు రాజేశ్ తడి బట్టలతో తల వంచుకొని నడుస్తున్నాడు. యాకూబు బండి దిగాడు. వాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు.

ఇంటి ముందు ఆడవాళ్లు గోడకానుకొని కూర్చున్నారు. మధ్యలో తావుర్యా భార్య గోమ్లి. రూత్ ఆమె చేయి పట్టుకొని ఉంది. యాకూబును చూడగానే గోమ్లి ముఖం నలిగిపోయింది.

"అన్నా, మీ దోస్తు పోయిండే."

యాకూబు ఆమె ముందు కూలబడ్డాడు.

"మా బిడ్డ చందన పూణెల బస్సెక్కింది. జహీరాబాదు కాడ ఉన్ననంటుంది. బిడ్డ అచ్చేదాంక ఉంచుదామనుకున్నం. ఎండ ఉండనియ్యలే అన్నా. మొఖం నల్లవడ్డది." గోమ్లి కొంగుతో ముఖం తుడుచుకుంది. "పొద్దుగాల్లనే యాకూబన్నకు ఫోన్ జెయ్యుండ్రన్న. జేసినం, లెవ్వన్నడన్నరు. నేను నమ్మలే. మా అన్న గట్ల అనడు, నంబరు తప్పు కొట్టిండ్రన్న."

రూత్ తల దించుకుంది. తప్పు నంబరే అయి ఉంటుందని యాకూబు ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా.

"నాకే జేసిండ్రు చెల్లె," అన్నాడు యాకూబు. "నేనే లెవ్వన్న. ఎవలని గూడ అడగలే."

గోమ్లి అతన్ని చాలాసేపు చూసింది. కోపంగా కాదు, కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత రూత్ చేతిలోంచి తన చేయి మెల్లగా తీసుకొని, లేచి ఇంట్లోకి వెళ్లిపోయింది.

రోడ్డు మీద ట్రాలీ డ్రైవరు ఇంజను ఆపి, సామాను దించాలా వద్దా అని అడుగుతున్నాడు. యాకూబు లేవలేదు. ఎదురుగా వాకిట్లో శవానికి స్నానం చేయించిన నీళ్ల తడి ఇంకా ఆరలేదు. దాని మీద నాలుగు వంకర కట్టెలు పాతి, గోమ్లి గులాబీ రంగు చీర మడతలు పెట్టి కట్టారు. కట్టినవాళ్లకు చేతకాక నడుమ కిందికి వేలాడుతోంది. ఒక మనిషి పొడవుకు కూడా చాలని ఆ చీర నీడ, పొద్దు వాలడంతో తడినేలను వదిలి పక్కనున్న రాళ్ల మీద పడుతోంది.