మూడో లేన్‌లో పిడుగు

చట్టసభ ముందున్న ఆ బిల్లుకి రెండు సగాలు. మొదటి సగం ప్రకారం దేశంలో జరిగే ప్రతి పరుగుపందెంలోనూ మూడో లేన్‌ని పిడుగు గౌరవార్థం ఖాళీగా వదిలెయ్యాలి. రెండో సగం ప్రకారం ఇళ్లలో, క్లబ్బుల్లో ఉన్న తుపాకులన్నీ ప్రభుత్వానికి అప్పజెప్పాలి. మొదటి సగం చదివినప్పుడు సభ్యులు బల్లలు విరిగేలా చరిచారు. రెండో సగం దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరి గొంతులో పచ్చి వెలక్కాయ పడింది. చనిపోయిన పిల్లకి దండం పెట్టమంటే ఎవరికీ అభ్యంతరం లేదు. గోడకి వేలాడే తుపాకీ దించమంటేనే చేతులు నొప్పెడతాయి.

పిడుగంటే దేశంలోకెల్లా వేగంగా పరిగెత్తిన అమ్మాయి. అసలు పేరు ఇంట్లోవాళ్లు కూడా మర్చిపోయారు. పెద్ద పతకం గెలుచుకుని వస్తుంటే పైకప్పు లేని బండి మీద ఊరేగించారు. జనం సంతోషం పట్టలేక తుపాకులు గాల్లోకి పేల్చారు. పైకి పోయిన తూటా ఎక్కడో ఒకచోట దిగాలి కదా, పిడుగు మీద దిగింది. అది ఎవరి తుపాకీలోదో ఇప్పటికీ తేలలేదు, ఎందుకంటే ఆ వీధిలో ఆ రోజు పేల్చనివాళ్లే తక్కువ. వాళ్లంతా ఆమెని ప్రాణంగా చూసుకున్నవాళ్లే, అదీ దారుణం.

ఆమె మేనమామ స్టేడియంలో స్టార్టర్. పందెం మొదలుపెట్టడానికి పిస్తోలు పేల్చడమే ఆయన ఉద్యోగం. అందులో తూటా ఉండదు, చప్పుడూ కాస్త పొగా తప్ప. పరుగు నేర్చుకునే పిల్లలు ఆయన్ని ఢాం మావయ్య అంటారు. పేరుకే ఢాం గానీ మనిషి మహా మెతక. ఇంట్లో తలుపు కూడా చప్పుడు కాకుండా వేస్తాడు, తుమ్మొస్తే పెరట్లోకి పరిగెడతాడు.

కొత్త చట్టం వస్తే ఆ పిస్తోలూ పోతుంది. అలాంటివాటికి గొట్టం తొలిచి నిజం తూటాలు పెట్టుకునే ఘనులు ఉన్నారు కాబట్టి వాటినీ బిల్లులో చేర్చారు. బదులుగా కరెంటు హారన్ ఇస్తారు, మీట నొక్కితే అదే కూస్తుంది. ఆయన ఉద్యోగానికీ జీతానికీ ఏ ఢోకా లేదు. అయినా సరే ఆయన అక్కకి చెప్పకుండా, బిల్లు చూస్తున్న కమిటీ పెద్ద ఇంటికి వెళ్లాడు. ఆ పెద్దమనిషి మెడకి ఎప్పుడూ పట్టీ ఉంటుంది. అందుకని ఎటు చూడాలన్నా మొత్తం మనిషే తిరుగుతాడు, ఏ పక్షం వైపు తిరిగినా అలాగే.

"ఒక్క పిస్తోలు వదిలెయ్యండి సార్. తూటా లేనిది. పందేలకి తప్ప ఎందుకూ పనికిరాదు," అని బతిమాలాడు ఢాం మావయ్య.

"అంతేనా? 'క్రీడలకు వాడే ఆయుధాలు మినహా' అని ఓ ముక్క చేర్చేస్తాం," అన్నాడు మెడపట్టీ సారు. "మీరు సాక్షాత్తూ పిడుగు మేనమామ. మీరడిగితే కాదనేదెవరండీ?"

అడగ్గానే వరమిచ్చే పెద్దవాళ్లని చూసి అనుమానపడాలని ఢాం మావయ్యకి తెలియక కాదు. కానీ ఆ రోజు ఆయన అనుమానపడే స్థితిలో లేడు. ఆయనకి ఆ పిస్తోలు కావాలి. అది పేలితేనే పిడుగు వస్తుంది.

ఈ సంగతి మొదటిసారి బయటపడింది పిడుగు పోయాక జరిగిన మొదటి సాధనలో. ఎవరూ చెప్పకుండానే పిల్లలు మూడో లేన్ ఖాళీగా వదిలి, కాళ్లు ఆనించే దిమ్మల్ని మాత్రం అందులోనూ అమర్చారు. ఆ దిమ్మలకి వైర్లుంటాయి. ఎవరైనా పిస్తోలు పేలకముందే కాలు తీస్తే, స్టార్టర్ పక్కనున్న పెట్టెలో ఆ లేన్ బల్బు ఎర్రగా వెలుగుతుంది. దాన్ని ఫాల్స్ స్టార్ట్ అంటారు. ఆ ఉదయం ఢాం మావయ్య చెయ్యెత్తి పిస్తోలు పేల్చాడు. పిల్లలు దూసుకుపోయారు. పెట్టె వైపు చూస్తే మూడో బల్బు ఎర్రగా ఉంది.

మెకానిక్ వచ్చి వైరు మార్చాడు, తర్వాత దిమ్మలు మార్చాడు, చివరికి పెట్టే మార్చి చేతులెత్తేశాడు. బల్బు మాత్రం వెలుగుతూనే ఉంది. హారన్ పెట్టి చూస్తే వెలగలేదు. పిస్తోలు పట్టుకుంటే చాలు, వెలిగేది.

ఒకరోజు రెండో లేన్‌లో పరిగెత్తే అమ్మాయి పందెం అయ్యాక వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఎండలో నిలబడి కూడా చేతులు కట్టుకుని ముడుచుకుపోయింది.

"మావయ్యా, నన్ను వేరే లేన్‌కి మార్చరా?"

"ఏమ్మా, రెండోదానికేమొచ్చింది?"

"పక్కన ఎవరో ఊపిరి తీస్తున్నారు మావయ్యా. మీరు 'సెట్' అనగానే ఆ ఊపిరి ఆగిపోతోంది."

ఆమెని ఆరో లేన్‌కి మార్చాడు గానీ ఆయన లోపల పొంగిపోయాడు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన మాటే. భయపడాల్సిన చోట ఆయనకి సంతోషం వేసింది. పోయిన పిల్ల రోజూ పనిలోకి వచ్చినట్టు వస్తోంది, అంతకంటే ఏం కావాలి? పిల్లలు వెళ్లిపోయాక కూడా ఆయన ఒంటరిగా నిలబడి పిస్తోలు పేల్చేవాడు. ఎర్ర బల్బు చూసి, "తొందరెక్కువైందే నీకు," అని ముద్దుగా కోప్పడేవాడు. ఒక్కోసారి తడి అడుగుల చప్పుడులాంటిది కూడా వినిపించేది. అది ఎటు పోతోందో ఆయన ఎన్నడూ గమనించలేదు. చప్పుడు వినడమే ఆయనకి చాలు.

మినహాయింపు సంగతి పేపర్లలో వచ్చింది. వచ్చిందే తడవు వేటగాళ్ల సంఘం, వేట కూడా క్రీడేనంది. గురి క్లబ్బులు సరేసరి. ఊరేగింపుల సంఘం ఇంకో అడుగు ముందుకేసి, గెలుపు సంబరంలో తుపాకీ పేల్చడం క్రీడల్లో భాగమేనని తీర్మానం చేసింది. అంటే పిడుగుని చంపిన తుపాకీతో సహా అన్నీ ఆ చిన్న ముక్క కిందుగా దూరిపోయాయి. రెండో సగంలో ఇక మిగిలింది గాలే.

పిడుగు తల్లి దర్జీ. ఆటల జట్లకి బనియన్ల మీద నంబర్లు కుడుతుంది. కూతురు పోయిన నాటి నుంచి ఆమె ఏడవడం ఎవరూ చూడలేదు. మిషను ఆపి, చట్టసభ గడపలెక్కి దిగడం మాత్రం అందరూ చూశారు. తన కూతురి పేరుకి పక్కన తుపాకీ ఉండకూడదు, అంతే ఆమె కోరిక. మినహాయింపు వార్త చదివిన రోజు ఆమె తమ్ముడికి అన్నం వడ్డిస్తూ అడిగింది.

"పిడుగు పేరు చెప్పి ఈ ముక్క పెట్టించిన పుణ్యాత్ముడు ఎవర్రా?"

ఢాం మావయ్య కంచంలోకి తల దించుకున్నాడు. నోట్లో ముద్ద అక్కడే ఉండిపోయింది. అక్క గరిటె కింద పెట్టి ఆయన ముఖంలోకి చూసింది. ఆయనకి అబద్ధం చెప్పడం చిన్నప్పటి నుంచీ రాదు.

"నువ్వా?"

"అక్కా, ఒక్కసారి నాతో స్టేడియానికి రా. చూశాక నన్ను చెప్పుతో కొట్టు, ఏమీ అనను."

వాళ్లు వెళ్లేసరికి మధ్యాహ్నం వాన వెలిసింది. ట్రాక్ మీద పల్చగా నీటిపొర నిలిచి ఉంది, మనిషన్నవాడు లేడు. ఢాం మావయ్య మూడో లేన్‌లో దిమ్మలు బిగించి, పెట్టెకి వైరు తగిలించాడు. అక్క చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని పక్కన నిలబడింది.

"సెట్," అని చెయ్యెత్తాడు.

ఇంకా వేలితో నొక్కలేదు. బల్బు భగ్గున ఎర్రబడింది. దిమ్మలు వెనక్కి కిర్రుమన్నాయి. నీటిపొర మీద చిట్లినట్టు ఒక అడుగు పడింది, దాని ముందర ఇంకొకటి. ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూశావా అక్కా? వచ్చింది!"

అక్క ఆయన్ని చూడలేదు, అడుగుల్ని చూస్తోంది. అవి ముందుకి, పందెం ముగిసే గీత వైపు పోలేదు. మూడో లేన్ దాటి, నాలుగు దాటి, ఐదు దాటి, అడ్డంగా జనం కూర్చునే మెట్ల వైపు మళ్లాయి. అడుగుకీ అడుగుకీ మధ్య నీళ్లు చెల్లాచెదురుగా ఎగిరిపడుతున్నాయి. మెట్ల కింద, దూకే పందేలకి అడ్డంగా పెట్టే ఇనుప హర్డిల్స్ పేర్చే చీకటి గది ఉంది. అవి అందులోకి దూరిపోయాయి.

"తమ్ముడూ," అంది అక్క మెల్లగా, "అది బతికున్నన్నాళ్లూ ఒక్కసారైనా ఫాల్స్ స్టార్ట్ చేసిందా?"

పిడుగు ఒక్కనాడూ చెయ్యలేదు. చెయ్యకుండా నేర్పింది ఆయనే. కొత్తగా వచ్చిన పిల్లలు పిస్తోలు చప్పుడికి జడిసి, స్టార్టర్ చెయ్యి లేవడం చూడగానే ఉరుకుతారు. చేతిని చూడకు, చెవి మీదే ధ్యాస పెట్టు అని ఆయన రోజూ చెప్పేది అందుకే. జడుసుకున్న పిల్ల కాలు ఎలా లేస్తుందో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తెలిసీ ఇన్నాళ్లూ దాన్ని తొందర అనుకున్నాడు, అలా అనుకోవడమే హాయిగా ఉంది కనుక.

అక్క మెట్ల కింద గదిలోకి వంగి వెళ్లింది. ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లోపల వానవాసన, తడి గుడ్డల వాసన. ఒకదాని మీద ఒకటి ఆనించిన హర్డిల్స్ అన్నీ సన్నగా గణగణమంటున్నాయి. గాలి లేదు. వాటి వెనక మూల ఎవరో వీపు ఆనించి కూర్చుని ఒణికిపోతుంటే ఎలా ఉంటుందో అలా ఉంది ఆ చప్పుడు. అక్క నేల మీద చతికిలబడి, ఖాళీగా ఉన్న ఆ మూలకి చెయ్యి చాపింది.

"దీనికి పరుగుపందెం కాదురా వినబడేది. ఆ ఊరేగింపే వినబడుతోంది," అంది. "ఎన్నిసార్లు పేల్చావు?"

ఆయన రోజూ పేల్చాడు. తనకి బెంగ పుట్టినప్పుడల్లా పేల్చాడు. ప్రాణానికి ప్రాణమైన పిల్లని, చచ్చిపోయాక కూడా, తనే మళ్లీ మళ్లీ బెదరగొట్టి ఈ మూలకి తరిమాడు. ఆయన గుమ్మం పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. లోపల గణగణ ఎక్కువైంది.

"ఏడవకు, ఇంకా జడుసుకుంటుంది," అని అక్క కసిరింది.

మర్నాడు కమిటీ స్టేడియానికి వచ్చింది. మూడో లేన్ ఖాళీగా వదిలి ఒక పందెం పెట్టి చూపించాలి, దాన్ని కెమెరాలు తియ్యాలి, ఆ తర్వాత ఓటింగు. మెడపట్టీ సారు మొత్తం మనిషి తిరిగి అందరికీ నమస్కారాలు పెట్టాడు. పిల్లలు గీత దగ్గర వరసగా నిలబడ్డారు. అక్క ఎవరితోనూ మాట్లాడకుండా మెట్ల కింద గదిలోకి వెళ్లి కూర్చుంది. వెళ్లేముందు తమ్ముడి వైపు ఒక్క చూపు చూసింది, అంతే.

ఢాం మావయ్య పిస్తోలు చేత్తో ఎత్తలేదు. గుడ్డలో చుట్టి తెచ్చి, సభ్యుల ముందున్న బల్ల మీద పెట్టాడు.

"ఆ మినహాయింపు ముక్క అడిగింది నేనే. కొట్టెయ్యండి సార్."

మెడపట్టీ సారు నవ్వు చెదరకుండానే పళ్ల మధ్య నుంచి అన్నాడు, "ఏమిటండీ ఇది, కెమెరాలున్నాయి. మీ కోసమే కదా పెట్టింది?"

"నా కోసమే. ఆట కోసం కాదు, పిడుగు కోసం అంతకన్నా కాదు. నా స్వార్థం కోసం అడిగాను. ఇప్పుడు ఆ ముక్క చాటున ఎవరెవరు నక్కారో చూస్తున్నారుగా. ఆ పిల్లకి దండం పెట్టాలనుంటే తుపాకీ దించి పెట్టండి. దించలేకపోతే పిల్ల పేరు మాకిచ్చేసి, ఆ లేన్‌లో మీరే పరిగెత్తండి."

ఆ మాట మైకులో పడింది. మెతక మనిషికి కోపమొస్తే వినడానికి అలవాటు లేక సభ్యులు కుర్చీల్లో అటూ ఇటూ సర్దుకున్నారు. మెడపట్టీ సారు అటు చూస్తే కెమెరా, ఇటు చూస్తే కెమెరా. గత్యంతరం లేక కలం తీసి, బిల్లు కాగితం మీద ఆ ముక్కని అడ్డంగా కొట్టేసి సంతకం పెట్టాడు.

ఢాం మావయ్య ట్రాక్ దగ్గరికి వచ్చి హారన్ మీట చేతిలోకి తీసుకున్నాడు. ఇప్పుడు నొక్కితే పిడుగు రాదని ఆయనకి తెలుసు, ఇక ఎప్పటికీ రాదనీ తెలుసు. ఆ క్షణంలో కూడా, ఒక్కసారి, ఆఖరిసారి అని ఆయన ప్రాణం కొట్టుకుంది. పిల్లలు వంగారు. "సెట్," అన్నాడు. మీట నొక్కాడు.

హారన్ కూసింది, పిల్లలు దూసుకుపోయారు. మూడో బల్బు వెలగలేదు. మూడో లేన్ ఎండలో ఊరికే పరుచుకుని ఉంది. సభ్యులు లేచి నిలబడి చప్పట్లు మొదలుపెట్టారు.

మెట్ల కింద నుంచి అక్క బయటికి వచ్చింది. లోపల ఇనుము చప్పుడు లేదు. ఆమె చీర కొంగు ఒకవైపు తడిసి ఉంది. గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి, నెమ్మదిగా అడుగులేస్తూ తమ్ముడి పక్కకి వచ్చింది.

"ఇప్పుడే పడుకుంది," అంది చెవిలో.

ఢాం మావయ్య చప్పట్లు కొడుతున్న సభ్యుల వైపు తిరిగి నోటి మీద వేలు పెట్టుకున్నాడు.