జాగ్రత్తగా వలిచినవి

పెట్టెల మీద ఇంగ్లీషులో రాసేవాళ్ళు చేసిన పనిని చేసినట్టు చెప్పి ఊరుకోరెందుకు అన్నది వీరలక్ష్మికి ఏళ్ళ తరబడి ఉన్న అనుమానం. పట్టినది అంటే చాలదు, అప్పుడే పట్టినది అనాలి. ముట్టుకున్నది అంటే చాలదు, శుభ్రంగా ముట్టుకున్నది. వలిచినది కాదు, జాగ్రత్తగా వలిచినది. ఎవరూ అడగకుండానే ముందుగా ఒట్టు పెట్టుకున్నట్టు ఉంటుంది. ఆ అనుమానం అలా ఉండగానే ఆమె చేతులు లేబులు వెనక కాగితం ఊడదీస్తున్నాయి, లేబుల్ని పెట్టె మూత మీద పరిచి అరచేత్తో రుద్దుతున్నాయి, పెట్టెను పక్కకు తోస్తున్నాయి.

సఖినేటిపల్లి నుంచి అంతర్వేది వెళ్ళే దారిలో కొబ్బరిచెట్లు కొట్టేసి కట్టిన రొయ్యల షెడ్డు అది. పైన రేకులు. కింద ఎప్పుడూ ఆరని సిమెంటు నేల. బల్లల కిందనుంచి పలచటి ఎర్రనీళ్ళు సన్నకాలవలోకి జారుతుంటాయి. కాలవ చివర తుంచిన తలలు, పొట్టు గుట్టగా పడి ఉంటాయి. ఆ గుట్ట మీద ఈగలు ఎంత దట్టంగా వాలుతాయంటే, దూరంనుంచి చూస్తే గుట్టే కదులుతున్నట్టుంటుంది. ఆ కుళ్ళు వాసన తెలియకుండా క్లోరిన్ నీళ్ళు చల్లుతారు. అప్పుడు రెండూ కలిసి గొంతులో మూడో వాసనగా దిగుతాయి.

వీరలక్ష్మి ఇక్కడ చేరినప్పుడు రొయ్యలు వలిచేది. ఏడో తరగతి చదివింది కాబట్టి, అక్షరాలు తలకిందులు కాకుండా అంటిస్తుందని లేబుళ్ళకి మార్చారు. పొద్దున్నే స్నానం చేసి నరసింహస్వామి పటం ముందు దీపం పెట్టి బయలుదేరుతుంది. సాయంత్రం మాత్రం పెట్టదు. చింతపండు వేసి రుద్దినా, నిమ్మచెక్క వేసి రుద్దినా వేళ్ళనుంచి ఆ కంపు పోదు. స్వామికి పట్టింపు ఉండదేమో, ఉప్పుగాలిలో కొలువున్నవాడు కదా అనుకుంటుంది. అయినా ఆ చేత్తో వత్తి ముట్టుకోబుద్ధి కాదు.

ఆమె అనుమానాన్ని కూతురు మమత కొంత తీర్చింది. మమత రాజోలులో ఫ్లెక్సీలు వేసే కొట్లో కంప్యూటరు పని చేస్తుంది.

"అవి జంటలమ్మా," అంది ఒకరోజు అన్నం తింటూ. "ఫ్రెష్లీ అంటే పక్కన కాట్. డీప్లీ అంటే మోర్న్డ్. హైలీ అంటే రికమెండెడ్. నేను మొదటిది కొడితే రెండోది కంప్యూటరే చూపించేస్తుంది."

"మోర్న్డ్ అంటే?"

"ఎవరైనా పోతే వేస్తాం కదా. మిక్కిలి దుఃఖిస్తున్నాం అని."

"ఎవరు పోయినా మిక్కిలేనా?"

"ఎవరు పోయినా మిక్కిలే. కొంచెం దుఃఖించేవాళ్ళు ఫ్లెక్సీ ఎందుకు వేయిస్తారే?"

వీరలక్ష్మి నవ్వింది. కానీ ఆ తర్వాతనుంచి లేబులు రుద్దుతున్నప్పుడల్లా ఆ జంటలు నాలుక మీద జిగురులా అంటుకునేవి.

ఈ రోజు మరీ అసహ్యంగా ఉంది. తెల్లవారకుండా వచ్చిన లోడు దారిలో ఆగిపోయి ఐసు కరిగిపోయిందట. క్రేట్లు దింపుతుంటేనే ఆడవాళ్ళు కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. రొయ్యల తలలు నల్లబడ్డాయి. పట్టుకుంటే ఒళ్ళు వేళ్ళ మధ్య మెత్తగా నలిగి, బంకలాంటి నీరు మణికట్టు దాకా కారుతోంది. వాటిని మందునీళ్ళ తొట్టెలో ముంచి తీశారు. తెల్లగా, బిగుసుకున్నట్టుగా పైకి వచ్చాయి. పెట్టెల్లో సర్దుకుని వీరలక్ష్మి ముందుకు వచ్చాయి. సముద్రం మొహం చూడని చెరువు రొయ్యలు. అప్పుడే పట్టినవి అని అంటించింది. తలుపు దగ్గరికి వెళ్ళి గాలి పీల్చుకుని వచ్చి మళ్ళీ అంటించింది.

బల్ల ఆ చివర నూకాలమ్మ కూర్చుని వలుస్తోంది. షెడ్డులో అందరికంటే పాతమనిషి. పల్లిపాలెం నుంచి వస్తుంది. కంపెనీ ఇచ్చిన గ్లవ్సు వేసుకుంటే రొయ్య జారిపోతుందని, పాత సైకిలు ట్యూబు కోసి బొటనవేలికీ చూపుడువేలికీ తొడుగులు చేసుకుంది. ఒకప్పుడు అందరూ అలాగే వలిచేవారు. ఇప్పుడు ఆవిడ ఒక్కతే. మిగతా వేళ్ళు ఏదో తినేసినట్టుంటాయి. గోళ్ళు సగానికి అరిగిపోయాయి, వేళ్ళ సందుల్లో చర్మం తెల్లగా ఉబ్బి చీలిపోయింది. రొయ్యనీరు చేసే పని అది.

వీరలక్ష్మి చేరిన మొదటిరోజే ఆమె వేళ్ళూ చీలిపోయాయి. నూకాలమ్మ తన పటికను నేల మీద కొట్టి సగం ముక్క ఇచ్చింది. "నీళ్ళలో వేసి చేతులు ముంచు. ఏడవకు." మర్నాడు వీరలక్ష్మి కొత్త పటిక తెస్తే తీసుకోలేదు. "నా దగ్గరుంది. నాది అయిపోయినప్పుడు అడుగుతాను, నీ దగ్గరే ఉంచు." ఆ తర్వాత ఎప్పుడు ఇవ్వబోయినా అదే మాట. ఒకసారి మాత్రం, "బాకీ ఉండనీవే. బాకీ ఉంటే నువ్వు నా పక్కన కూర్చుంటావు," అంది. ఆ పటిక గుడ్డమూటలో వీరలక్ష్మి అన్నంసంచీ అడుగున అలాగే ఉంది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర నూకాలమ్మ తొడుగులు తీసి పటికనీళ్ళ గిన్నెలో వేసింది.

"అమ్మాయ్, పైదేశాలనుంచి కొనేవాళ్ళొచ్చి చూస్తారంట కదా. చేతులు బాగోనివాళ్ళని తీసేస్తారంటన్నారు. నిజమేనంటావా?"

"ఎవరన్నారు పిన్నీ?"

"అందరూ అంటన్నారు. నన్ను తీసేస్తే ఎలాగే? ఇంటికాడ కూర్చుని కోడలి చేతి ముద్ద తినడం నా వల్ల కాదు. అది మంచిదే. నా ఒంటికే పడదు."

"నేను దుర్గేష్ గారితో చెప్తానులే."

నూకాలమ్మ ముద్ద కలుపుతూ, పక్కన పెట్టి ఉన్న ఖాళీ పెట్టెకేసి చూసింది. "ఇన్నాళ్ళనుంచి వలుస్తున్నాను, దాని మీద ఏం రాసేరో తెలీదు. చెప్పు."

వీరలక్ష్మి వేలు పెట్టి చదివి తెలుగులో చెప్పింది. "అప్పుడే పట్టినవి. శుభ్రంగా ముట్టుకున్నవి. జాగ్రత్తగా వలిచినవి."

"జాగ్రత్తగానే వలిచేను," అంది నూకాలమ్మ తృప్తిగా. "నా చేతిలో తోక తెగిన రొయ్య ఉండదు. ఎవరు వలిచేరో రాసేరా?"

"అది రాయరు పిన్నీ."

"పోన్లే. నా పేరు చూస్తే ఎవడు కొంటాడు?" అని పళ్ళు లేని నోటితో నవ్వింది.

దుర్గేష్ గారు సూపర్‌వైజరు. చిన్నవాడు, మర్యాదస్తుడు. చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నూకాలమ్మ ముందు నిలబడ్డాడు.

"భోంచేసేరాండీ నూకాలమ్మగారూ?"

"ఆయ్, చేసేనండి."

"మీరు రేపట్నుంచి రెస్టు తీసుకోండి. పెద్దవారైపోయేరు."

వీరలక్ష్మి లేచింది. "దుర్గేష్ గారూ, ఆవిడ చేతులు ఈ షెడ్డులోనే అలాగయ్యేయండీ."

"ఆయ్, నాకు తెలీదాండీ? అందుకే కదండీ నాకూ బాధ. కానీ పెట్టె మీద హైజినికల్లీ హ్యాండిల్డ్ అని వేసుకున్నాం. కొనేవాళ్ళు వచ్చి ఫొటోలు తీస్తారు. ఈ చేతులు అందులో పడితే బాగోదండీ."

"మరి ఇవాళ్టి లోడు పడితే బాగుంటుందాండీ?"

దుర్గేష్ గారు నొచ్చుకున్నట్టు చూశాడు. "అది పెట్టెలో ఉంటుంది కదండీ," అన్నాడు మెల్లగా.

"పోనీ తలల గుట్ట కాడ కూర్చోబెట్టండి. వాళ్ళు అటు రారు."

"వస్తారండీ. అన్నీ చూస్తారు." జేబులోంచి రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. రుమాలుకి అత్తరు వాసన. క్లోరిన్ మీద, కుళ్ళు మీద ఆ అత్తరు వచ్చి వాలేసరికి వీరలక్ష్మికి తిన్న అన్నం గొంతులోకి వచ్చింది. పరిగెత్తి కాలవ దగ్గర కక్కుకుంది. వెనకనుంచి, "జాగ్రత్తండీ వీరలక్ష్మిగారూ, జారుతుంది," అంటున్నాడాయన.

మధ్యాహ్నం నుంచీ అంటిస్తూనే ఉంది. చేతులకు వేరే దారి తెలియదు. ఇంట్లో మమత జీతం ఒక్కటీ చాలదు. నరసింహా, తండ్రీ, ఆవిడ కోసం నోటితో అన్నాను, ఆయన చెవిన పడలేదు, ఇంకేం చెయ్యను అని లోపల అడిగింది. ఆ అడిగిన మాట కూడా లేబులు అతికించినట్టే వినిపించి రోత పుట్టింది. బల్ల చివర నూకాలమ్మ మాత్రం తొడుగులు మళ్ళీ వేసుకుని ఎప్పటిలాగే వలిచింది. మెత్తబడ్డ రొయ్యల్ని నలగకుండా, తోక తెగకుండా, నరం తీసి, ట్రేలో వరసగా పేర్చింది.

సాయంత్రం పని దిగాక నూకాలమ్మ తొడుగులు తీసి, కాళ్ళు కడుక్కుని వచ్చి వీరలక్ష్మి పక్కన నిలబడింది.

"అమ్మాయ్, నా పటిక ఇలా తే."

వీరలక్ష్మి తల ఎత్తలేదు. "ఇప్పుడెందుకు పిన్నీ? నీది అయిపోయిందా?"

"అయిపోయింది."

"రేపు మీ ఇంటికి తెచ్చిస్తానులే."

"ఇప్పుడే ఇయ్యి."

సంచీ అడుగునుంచి మూట తీసింది. గుడ్డ పసుప్పచ్చగా మాసిపోయింది. లోపల పటిక మాత్రం కొత్తదానిలా పలకలు పలకలుగా మెరిసింది. ఎవరూ వాడలేదు కదా. నూకాలమ్మ అరచేతిలో వేసుకుని బరువు చూసింది.

"నేనిచ్చింది ఇంతకంటే చిన్నదే. వడ్డీ కూడా ఇచ్చేవు." కొంగు చివర ముడి వేసుకుంది. "ఇక నాకూ నీకూ ఏం లేదు. నువ్వు ఏడవకు."

షెడ్డు బయట అంతర్వేది ఆటో హారన్ కొడుతోంది. నూకాలమ్మ ఏ రోజైనా వెళ్ళొస్తానే అని వెళ్ళేది. ఇవాళ, "వెళ్తానే," అంది. కొంగు ముడిని గుప్పిట్లో పట్టుకుని, తడినేల మీద ఆచితూచి అడుగులు వేస్తూ వెళ్ళి ఆటోలో చివరన సర్దుకుంది.

వీరలక్ష్మి చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. అరుగు మీద నూకాలమ్మ గిన్నె అలాగే ఉంది. తేటపడ్డ పటికనీళ్ళ అడుగున సైకిలు ట్యూబు తొడుగులు రెండూ, వేళ్ళు ఇంకా లోపలే ఉన్నట్టు, కొంచెం వంగి ఉన్నాయి.